పొలం గట్టు దగ్గర ఆగిన ఫ్యాక్టరీ చట్టం

ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వంటి చోట, రక్షణ ఏర్పాట్లు లేని యంత్రంలో కార్మికుడి చెయ్యి నలిగితే యజమాని న్యాయస్థానానికి జవాబు చెప్పుకోవాలి. ఆ పరిసరాల్లోనే సొంత పొలంలో వరి నూర్పిడి యంత్రం రైతు కొడుకు చేతిని మింగితే అది దురదృష్టంగానే మిగులుతుంది.

ఈ విభజన పాతది. 1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం కనీసం వందమంది పనిచేసే కర్మాగారాలకే పరిమితం. 1948 చట్టం నాటికి ఆ సంఖ్య విద్యుత్తు వాడే చోట పదికి, వాడని చోట ఇరవైకి దిగింది. అంతకంటే చిన్న చోట్లకూ చట్టాన్ని విస్తరించే అధికారాన్ని 85వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది గానీ, యజమాని కేవలం కుటుంబ సభ్యుల సాయంతో నడుపుకునే చోటును వదిలిపెట్టింది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టమూ రైతు తన సాగుభూమిలో చల్లుకునే మందును 38వ సెక్షన్‌తో మినహాయించింది. ఇన్‌స్పెక్టరు రైతు గడప తొక్కకూడదన్న ఆలోచన అర్థం చేసుకోదగినదే. తనిఖీ అంటే మామూళ్లన్న అనుభవం ఉన్న దేశంలో మరీను. అమెరికాలోనూ 1976 నుంచి పదిమంది లేదా అంతకు తక్కువ ఉద్యోగులున్న పొలాల జోలికి కార్మిక భద్రతా సంస్థ వెళ్లకుండా కాంగ్రెస్ నిధులకే షరతు పెడుతోంది. ఆ లెక్కలో కుటుంబ సభ్యులు ఉద్యోగులు కారు.

మన పార్లమెంటు ఒక్కసారి మాత్రం వేరే దారి పట్టింది. హరిత విప్లవంతో వచ్చిన పవర్ థ్రెషర్లు వేళ్లను, చేతులను తెగ్గోస్తుంటే 1983లో ప్రమాదకర యంత్రాల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చింది. తయారీదారుకూ అమ్మకందారుకూ లైసెన్సు, యంత్రానికి రక్షణ ప్రమాణాలు తప్పనిసరి చేసింది. శిక్ష రైతు మీద కాక యంత్రం పుట్టే చోట మొదలుకావాలన్న ఆ చూపు సరైనది. పరిహారం దగ్గర మాత్రం చిక్కు తీరలేదు: కొడుకు నడిపే యంత్రానికి తండ్రిని యజమాని అనగలమా?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ప్రకారం, యజమాని విధి ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే జరిమానా అయిదు లక్షలకు తగ్గదు. అందులో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించవచ్చు. కుటుంబ సేద్యానికి ఆ జరిమానా లేదు, ఆ సగమూ లేదు. తెలంగాణ 2018లో తెచ్చిన రైతు బీమా అయిదు లక్షలు ఇస్తుంది. అదీ పట్టాదారు మరణిస్తేనే. పాసుపుస్తకంలో పేరు లేని కొడుకు చెయ్యి పోతే అందులో పైసా రాదు.