సూపర్‌స్టిషన్ కొండలు: దొరికిన గనులు, దొరకని గని

మన సంఘ సభ్యులలో పలువురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. వారి దగ్గరకు వెళ్ళి వచ్చిన మిత్రులు నగరానికి తూర్పు దిక్కున, ఎడారి మధ్య గోడ కట్టినట్లు నిలిచే ఒక కొండల వరుసను చూసే ఉంటారు. అవే సూపర్‌స్టిషన్ పర్వతాలు. మూఢనమ్మకాల కొండలని పేరుకు అర్థం. ఆ కొండల్లో ఎక్కడో తరగని బంగారు గని దాగి ఉన్నదని నమ్మి, నూట ముప్పై సంవత్సరాలకు పైగా జనం వెతికారు. కొందరు తిరిగి రాలేదు. వారిలో మనబోటి విశ్రాంత ప్రభుత్వోద్యోగి కూడా ఒకాయన ఉండటం చేత ఈ చరిత్రను మన ప్రత్యేక సంచికకు తగినదని భావించి వ్రాస్తున్నాను.

ముందుగా కథ చెప్పి, తరువాత కాగితాలలో ఉన్నది చెబుతాను. 1840 ప్రాంతంలో పెరాల్టా అనే మెక్సికో కుటుంబం వారు ఈ కొండల్లో బంగారం త్రవ్వేవారట. అపాచీలు వారిని మట్టుబెట్టారట. ఆ తరువాత జేకబ్ వాల్ట్జ్ అనే ఒక ముసలి ‘డచ్చివాడు’ ఆ గనిని కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా అప్పుడప్పుడు వెళ్ళి కావలసినంత తెచ్చుకునేవాడట. చనిపోయే ముందు ఆనవాళ్ళు చెప్పాడట. ఇన్ని ‘అట’లు పెట్టడానికి కారణం ఉన్నది. పెరాల్టాల గనికి, ఆ హత్యాకాండకు నమ్మదగిన దస్తావేజు ఒక్కటీ బయటపడలేదు.

వాల్ట్జ్ మాత్రం నిజమైన మనిషి. ఆయన డచ్చివాడు కాడు, జర్మనీ దేశస్థుడు. జర్మన్లు తమను ‘డాయిచ్’ అని చెప్పుకోగా అమెరికా వారి నోట అది ‘డచ్’ అయినది. 1861లో లాస్ ఏంజలెస్‌లో అమెరికా పౌరసత్వం పొందాడు. 1860లలో అరిజోనాకు వచ్చి, ఉత్తరాన ప్రెస్కాట్ వైపు బ్రాడ్‌షా కొండల్లో గనుల పని చేశాడు. తరువాత ఫీనిక్స్ దగ్గర సాల్ట్ నది ఒడ్డున భూమి సంపాదించి వ్యవసాయం చేసుకున్నాడు. 1891 ఫిబ్రవరిలో ఆ నదికి పెద్ద వరద వచ్చి ఆయన ఇల్లూ పొలమూ పాడైనాయి. జబ్బుపడిన వాల్ట్జ్‌ను జూలియా థామస్ అనే రొట్టెల దుకాణం నడిపే స్త్రీ తన ఇంట ఉంచుకుని సేవ చేసింది. 1891 అక్టోబరు 25న ఆయన కన్నుమూశాడు. మంచం క్రింద ఒక చెక్కపెట్టెలో మేలి రకం బంగారు ఖనిజం దొరికిందని చెబుతారు. అది ఏ గనిలోదో ఎవరూ తేల్చలేదు.

మరుసటి సంవత్సరం, అంటే 1892 వేసవిలో, జూలియా థామస్ తన వద్ద ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఇద్దరు పెట్రాష్ సోదరులను వెంట బెట్టుకుని కొండల్లోకి వెళ్ళింది. ఎండకు, నీటి కొరతకు తాళలేక వట్టి చేతులతో తిరిగి వచ్చింది. తరువాత ఆమె ఆ గని ఆనవాళ్ళు గల పటాలు గీసి అమ్ముకున్నదని చెప్పుకుంటారు. నిక్షేపాల వేటలో నిలకడగా డబ్బు చేసుకునేది పటాలు అమ్మేవారే తప్ప కొనేవారు కాదని ఆనాటి నుండీ కనబడుతూనే ఉన్నది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. జూలియా వెతికిన ఆ 1892 సంవత్సరంలోనే నిజంగా బంగారం దొరికింది. అయితే లోయల్లో కాదు. కొండలకు పడమర, ఎవరూ పట్టించుకోని చిన్న గుట్టల్లో. 1892లో బ్లాక్ క్వీన్ అనే గని, 1893లో మామత్ అనే గని మొదలైనాయి. గోల్డ్‌ఫీల్డ్ అనే ఊరు వెలిసింది. 1893లో తపాలా కార్యాలయం వచ్చింది. సారా దుకాణాలు, భోజనశాలలు, బడి అన్నీ వచ్చాయి. కొద్ది సంవత్సరాలకే బంగారపు చార రాతి పగులు దగ్గర జాడ తప్పింది, పని గిట్టుబాటు కాలేదు. 1898లో తపాలా కార్యాలయం మూతపడింది. ఊరు ఖాళీ అయినది. 1910 తరువాత మరికొన్నాళ్ళు పని జరిగి అదీ ఆగిపోయింది. 

ఇదంతా కథ కాదు. క్లెయిములు నమోదైనాయి, షాఫ్టులు దిగినాయి, కూలీలకు జీతాలు ముట్టినాయి. అయినా దాని మీద ఎవరికీ మోజు లేదు! లెక్క తేలిన బంగారం కంటే లెక్క తేలని బంగారానికే ఆకర్షణ ఎక్కువ కాబోలు.

భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా దీనికి సరిపోతున్నది. సూపర్‌స్టిషన్ కొండలు రెండు కోట్ల సంవత్సరాల నాడు, కొంచెం అటూ ఇటుగా, అగ్నిపర్వతాల నుండి వెలువడిన లావా, బూడిద గట్టిపడగా ఏర్పడినవి. ఆ రాతిలో బంగారం దొరికే అవకాశం బహు తక్కువ. గోల్డ్‌ఫీల్డ్ బంగారం ఉన్నది అంతకంటే ఎంతో ప్రాచీనమైన గ్రానైటు రాతిలో. ఆ పాత రాయి బయటపడింది కొండల అంచుల్లో. నిక్షేపాన్వేషకులు గురుతుగా పెట్టుకున్న వీవర్స్ నీడిల్ అనే సుమారు 4,550 అడుగుల సూదిశిఖరమో, నడిమధ్యన ఉన్నది.

తూర్పు దక్షిణపు అంచున కథ ఇంకా పెద్దది. 1870లలో అక్కడ సైన్యం వారు కొండ మీదికి బాట వేయిస్తుండగా, సలివన్ అనే సిపాయి బరువైన నల్లని రాళ్ళు చూశాడు. సుత్తితో కొడితే పగలక రేకులాగా సాగినాయట. అది వెండి. 1875లో ఫ్లోరెన్స్ ఊరి రైతులు నలుగురు ఆ చోటు కనిపెట్టారు. అదే సిల్వర్ కింగ్ గని. పదిపన్నెండు సంవత్సరాలలో 60 లక్షల డాలర్లకు పైగా విలువైన వెండి ఇచ్చింది. దాని పొరుగున సిల్వర్ క్వీన్ అనే గని ఉండేది. 1910లో మాగ్మా కంపెనీ వారు దానిని చేపట్టగా లోపల రాగి బయటపడింది. సుపీరియర్ పట్టణం దాని మీదే బ్రతికింది. గని దాదాపు 4,900 అడుగుల లోతుకు పోయింది. అడుగున రాయి కాలిపోయే వేడి కావడం చేత 1937లో గాలిని చల్లబరచే యంత్రాలు దింపవలసి వచ్చింది. 1996లో ఆ గని మూతపడింది.

సిల్వర్ కింగ్ పేరు వచ్చింది గనుక పెరాల్టా సంగతి మరికొంత చెప్పాలి. రికార్డులతో జీవితం గడిపినవారికి ఇది రుచిస్తుంది. 1883లో జేమ్స్ ఆడిసన్ రీవిస్ అనే పెద్దమనిషి, స్పెయిన్ రాజు పెరాల్టా వంశానికి ఇచ్చిన ఇనాము తనకు సంక్రమించిందంటూ ఫీనిక్స్‌తో సహా ఒక కోటి ఎకరాలకు పైగా భూమికి దావా వేశాడు. కాగితాలన్నీ ఉన్నాయి, ముద్రలున్నాయి. జనం బెదిరిపోయి రాజీపడ్డారు. సదరన్ పసిఫిక్ రైల్వే 50,000 డాలర్లు, సిల్వర్ కింగ్ కంపెనీ 25,000 డాలర్లు చెల్లించాయి. అరిజోనా సర్వేయర్ జనరల్ రాయల్ జాన్సన్ మాత్రం తొందరపడక ఏళ్ళ తరబడి పరిశీలించి 1889లో నివేదిక ఇచ్చాడు. ఈకతో వ్రాసే కాలం నాటి పత్రాలు ఉక్కు పాళీతో వ్రాసి ఉన్నాయి. అచ్చు అక్షరాలు ఆ కాలపువి కావు. స్పానిష్ భాషలో తప్పులు కొల్లలు. 1895లో న్యాయస్థానం దావా కొట్టివేసింది. రీవిస్‌కు రెండేళ్ళ శిక్ష పడింది.

అదే 1895 జనవరిలో బిక్నెల్ అనే రచయిత సాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో వాల్ట్జ్ గనిని గురించి వ్యాసం వ్రాసి, సూదిశిఖరాన్నీ, పెరాల్టా పేరునూ దానికి జోడించాడు. ఆ పేరు అప్పుడు అరిజోనాలో అందరి నోటా ఉన్నది. కల్పిత జమీందారు వంశం పేరే కల్పిత గనికి అతుక్కున్నదని నా అనుమానం.

ఇక ఆ విశ్రాంత ఉద్యోగి సంగతి. ఆయన పేరు అడాల్ఫ్ రూత్. వాషింగ్టన్‌లో కేంద్ర ప్రభుత్వ కొలువు చేసి విరమించినవాడు. మెక్సికోలో పనిచేసిన కుమారుడు ఒక కుటుంబం వారి నుండి కొన్ని పాత పటాలు సంపాదించి తెచ్చాడు. వాటిని పట్టుకుని రూత్ అంతకుముందే కాలిఫోర్నియా ఎడారిలో మరొక తప్పిపోయిన గనికై వెతికి, కాలు విరగ్గొట్టుకున్నాడు. కుంటుతూ, చేతికర్రతో నడిచేవాడు. 1931 వేసవిలో అరవై దాటిన వయస్సులో అరిజోనా చేరాడు. అక్కడి పశువుల ఆసామి బార్క్‌లీ తాను పని చూసుకుని వచ్చేదాకా ఆగమన్నాడు. రూత్ ఆగలేదు. జూన్ నెల మధ్యలో ఇద్దరు మనుషులు ఆయనను కంచర గాడిదలపై లోయలోని నీటి ఊట దగ్గర దింపి వచ్చారు. అది నీడలో సైతం ఎండ నూటపది డిగ్రీలు దాటే కాలం. కొద్ది రోజులకు బార్క్‌లీ వెళ్ళి చూస్తే గుడారం, సామాను ఉన్నాయి, మనిషి లేడు.

ఆ డిసెంబరులో పుర్రె దొరికింది. 1932 జనవరిలో మిగిలిన అస్థికలు కొంత దూరాన దొరికాయి. జేబులోని కాగితాలలో, వచ్చాను, చూశాను, జయించాను అనే అర్థం గల లాటిన్ మాట వ్రాసి ఉన్నది. పటం లేదు. స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రజ్ఞుడు హర్డ్‌లిచ్కా పుర్రెకు ఉన్న రంధ్రాలు తుపాకి గుండువి కావచ్చునన్నాడు. స్థానిక అధికారులు హత్యగా నిర్ణయించలేదు. పత్రికలు మాత్రం దేశమంతటా చాటాయి. నిజానికి ఈ గనికి అంత ప్రఖ్యాతి వచ్చింది వాల్ట్జ్ వలన కాదు, రూత్ చావు వలన. మనిషి పోతే పటం అబద్ధమని అనుకోవలసింది పోయి, నిజం కాబట్టే చంపారని అనుకున్నారు!

ఆయనను నేను తెలివితక్కువవాడని అనలేను. ముప్పై ఏళ్ళు ఇతరుల ఫైళ్ళు చూసినవాడికి విరమణ తరువాత సొంతమైన పని ఒకటి కావాలనిపించడం మనకు తెలియనిది కాదు. అయితే ఆ పటాన్ని తన కార్యాలయంలో ఎవరైనా తెచ్చి ఇస్తే, ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని ఆయనే మొదట అడిగి ఉండేవాడు.

1964 చట్టంతో ఈ కొండలు రక్షిత అరణ్యమైనాయి. 1983 డిసెంబరు 31 అర్ధరాత్రితో కొత్త గనులకు క్లెయిములు వేయడం నిలిచిపోయింది. లక్షా అరవై వేల ఎకరాల ఆ ప్రాంతంలో ఇప్పుడు నడవవచ్చు గాని త్రవ్వరాదు. అయినా 2010 జులైలో యూటా రాష్ట్రం నుండి ముగ్గురు ఈ గనికోసమే వెళ్ళారు. 2011 జనవరిలో వారి అవశేషాలు దొరికాయి.

అటు వెళ్ళదలచిన సభ్యులకు ఒక మాట. నవంబరు నుండి మార్చి వరకు అనువైన కాలం. గోల్డ్‌ఫీల్డ్ ఊరిని యాత్రికుల కోసం తిరిగి కట్టారు, అపాచీ జంక్షన్ నుండి నాలుగు మైళ్ళే. 1977లో తెరచిన లాస్ట్ డచ్‌మన్ పార్కు దానికి దగ్గరే; కొండ అడుగున చదునైన బాటలు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులవారూ కొంత దూరం నడవవచ్చు. మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్ళు తీసుకువెళ్ళండి. పటాలు దుకాణాలలో ఇప్పటికీ అమ్ముతున్నారు.