గైడ్ల చిట్టాలు చెప్పిన కావేరీ మహశీర్ కథ

అడవిలోని ఏనుగులను లెక్కింపవచ్చును. నీటి అడుగున తిరుగు చేపలను లెక్కించుట ఎట్లు? ఏటిలో చేపలు తరిగినవో, పెరిగినవో తెలిసికొనుటకు పెక్కుసార్లు పట్టువాని మాటయే ఆధారము. ఆ మాట ఎంత విలువైనదో కావేరీనది చరిత్ర చెప్పుచున్నది.

కావేరిలో వీపుపై మూపురమువంటి ఎత్తుగల మహశీర్ అను చేప కలదు. 1946లో మైసూరు వాసియగు వాన్ ఇంగెన్ కబినీ నదిలో గాలముతో పట్టిన మహశీర్ 120 పౌండ్లు, అనగా సుమారు 54 కిలోగ్రాములు తూగెను. ఇంతటి చేపకును ఆపద తప్పలేదు. ఏటిలో మందుగుండు ప్రేల్చినచో పెద్ద చేపలతోబాటు పిల్లలును చచ్చును. విషము కలిపినను అంతే. ఈ రెంటిని నిషేధించుచు 1897లోనే భారత మత్స్య చట్టము వచ్చినది. కాని నిర్జనమగు అడవినదిపై కాపలా కాయువారెవరు?

తరువాత కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరె మొదలగు చోట్ల గాలపు వేటగాండ్రకు విడిదులు వెలసినవి. పట్టిన చేపను తూచి, తిరిగి నీటిలో విడువవలెనని అచటి నియమము. పూర్వము దొంగచాటుగా చేపలు పట్టినవారిలో కొందరినే గైడ్లుగా నియమించిరి. వారు పుట్టి నడపుచు, చేపలుండు మడుగులు చూపుచు, దొంగవేటపై కన్ను వేసి యుండిరి. పట్టుబడిన ప్రతి చేప జాతి, బరువు చిట్టాలో ఎక్కెడిది.

శాస్త్రజ్ఞులు 1998 నుండి 2012 వరకు గల గాలిబోరె చిట్టాలను పరిశీలించి, 2015లో ఫలితములను ప్రకటించిరి. పట్టుబడు మహశీర్ల సంఖ్య పెరిగెను. సగటు బరువు తగ్గెను. ఇది శుభవార్తయేనా? కాదు. పెరిగినది నీలిరెక్కల మహశీర్. అది కావేరికి పరాయి జాతి. 1970 దశకమునుండి చేపపిల్లల కేంద్రములనుండి తెచ్చి వదలినది. మూపురపు మహశీర్ అరుదై, ముసలి పెద్ద చేపలే అప్పుడప్పుడు చిక్కెడివి. పిల్లలు కానరాకపోవుట వంశము నిలువకుండుటకు గుర్తు.

అభయారణ్యములో గాలపు వేటయు వేటయే యగునను వాదముపై ఆ విడిదులలో గాలము వేయుట ఆగెను. చేపకు గాలపు బాధ తప్పినది. కాని చిట్టాయు, గైడ్ల కాపలాయు దానితోనే పోయినవి.

2018లో ఈ చేపకు 'టార్ రెమదేవి' అను శాస్త్రీయనామము స్థిరపడినది. ఆ యేడే అది తీవ్రముగా అంతరించు ప్రమాదమునందున్న జాతుల పట్టికలో చేరెను. పేరు నిర్ణయింపబడకమునుపే ప్రాణాపాయము కలిగినదన్నమాట!

చేపలను కాపాడు నియమము మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను: ఏ జాతిని కాపాడుచున్నాము? ఎవరు కాపలా కాయుదురు? లెక్క ఎవరు వ్రాయుదురు? ఇందు ఏ ఒక్కటి మరచినను, ఏటినిండ చేపలున్నట్లే తోచును. కావలసిన చేప మాత్రము ఉండదు.