ఇప్పచెట్టుకు వారసులు

పోడు కొట్టేటప్పుడు మన పెద్దలు అన్ని చెట్లనూ నరకలేదు. ఇప్ప, చింత, మామిడి, పనస, జీలుగు చెట్లను విడిచిపెట్టి, మిగిలిన నేలలో చోడి, కొర్ర, కంది చల్లారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పోడు నడుమ నిలబడ్డ ముసలి ఇప్పచెట్లు అలా మిగిలినవే. సవర, జాతాపు, గదబ పెద్దలు కాగితం మీద కాక నేల మీద రాసిన చరిత్ర అది.

ఎందుకు విడిచిపెట్టారు? ఇంట్లో గింజలు అడుగంటే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఇప్పపువ్వు రాలుతుంది. ఎండబెట్టి దాచుకుంటే వానాకాలం ఆకలికి ఆసరా. జూన్, జులైలో వచ్చే గింజను ఆడిస్తే వంటకూ దీపానికీ నూనె.

అడవి కూడా ఈ చెట్టును నమ్ముకుంది. పువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది. తీపి కోసం వచ్చిన గబ్బిలాలు ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు చేరుస్తాయి. పండ్ల కాలంలో గింజలను దూరంగా పడేస్తాయి. తెల్లవారుజామున రాలిన పువ్వు ఎలుగుబంటికీ, జింకకూ, అడవిపందికీ మేత.

సర్కారు చూపు వేరు. 1882లో మద్రాసు అటవీ చట్టం, 1886లో ఆబ్కారీ చట్టం వచ్చాయి. ఒకటి చెట్టును కలపగా, ఇంకొకటి పువ్వును సారాగా చూశాయి. తిండిగా చూసిన చట్టం లేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ అడవులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయినా సంతలో చాలాకాలం షావుకారు తూకమే నడిచింది. అప్పు కింద అటవీ ఫలసాయం పోయింది, భూమీ పోయింది. గిరిజన సంఘం పోరాడింది దీని మీదే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న భూస్వాముల తుపాకులకు బలయ్యారు. అటవీ ఫలసాయంపై మనకు యాజమాన్య హక్కు ఉందని చట్టం ఒప్పుకున్నది 2006లో.

హక్కు వచ్చింది. మరి చెట్టు? పోడు భూముల్లో ఇప్పుడు జీడితోటలు పెరిగాయి. జీడి డబ్బు ఇస్తుంది, కాదనం. కానీ ముసలి ఇప్ప కింద పిల్లమొక్క కనబడదు. పువ్వు ఏరడానికి వీలుగా ఆకులకు నిప్పు పెడతాం. గింజ ఒక్కటీ మిగల్చకుండా ఏరేస్తాం. తప్పించుకుని మొలిచినదాన్ని పశువులు మేస్తాయి. అటు ఉద్దానంలో ఎలుగుబంట్లు జీడితోటల్లోకి, ఊళ్ళలోకి వస్తున్నాయి. కొండ మీద వాటి మేత తగ్గితే ఆ రాకపోకలు పెరగవా?

ఇప్పను పెంచడానికి పెద్ద ఖర్చు లేదు. గింజ నిల్వ ఉండదు కాబట్టి రాలిన రెండు వారాల్లోపే నాటాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది, అందుకే నేరుగా గుంటలో నాటడం మేలు. సంచిలో పెంచితే పొడవాటి సంచి తీసుకోవాలి. మొదటి మూడు నాలుగేళ్ళు ముళ్ళకంప కట్టి పశువుల నుంచి, నిప్పు నుంచి కాపాడాలి. పువ్వు కోసం పదేళ్ళో, అంతకన్నా ఎక్కువో ఆగాలి.

మాస్టార్లూ, వేసవి సెలవులయ్యాక బడి తెరిచే రోజులే ఇప్పగింజ రాలే రోజులు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ప్రతి చెట్టు కింద కొన్ని గింజలు ఏరకుండా వదలండి, కొన్ని పోడు గట్టున నాటండి. హక్కు పత్రం మన పిల్లల చేతికి అందేనాటికి, పువ్వు రాల్చే చెట్టు కూడా ఉండాలి.