ఆచార్యఋణము

సంఘచరిత్ర వ్రాయువారు పదవులను, బిరుదులను లెక్కించుట పరిపాటి. వాని వెనుకనున్న గురువులను స్మరించుట మాత్ర మరుదు. ఆ లోపమును కొంత తీర్పఁగోరి, మేము బ్రహ్మర్షి సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని (1862–1939) ఇచటఁ దలఁచుచున్నాము.

నాయుడుగారు చెన్నపురి క్రైస్తవకళాశాలలో విలియం మిల్లరు దొరగారి శిష్యులు. గురువు స్కాట్లండునుండి వచ్చిన క్రైస్తవ మతబోధకులు. శిష్యులు బ్రహ్మసమాజము నవలంబించిరి. మతము వేఱైనను, విద్యార్థిని కన్నబిడ్డగాఁ జూచు గురుశీలము మాత్రము శిష్యుని విడువలేదు.

1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, నాయుడుగారు బాలికలకు కళాశాలలోఁ బ్రవేశము కల్పించిరి. తమ జీతములో నధికభాగమును బీదవిద్యార్థులకై వెచ్చించిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు ఆయనను గురువుగా మన్నించిరి. కాకినాడలో అనాథశరణాలయమును నెలకొల్పిరి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిపైనను నాయుడుగారి ప్రభావము ప్రసిద్ధము. 1925లో మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరు పదవి లభించినను, ఆయన కీర్తికి మూలము శిష్యులే.

మిల్లరుగారినుండి పొందినదానిని నాయుడుగారు కాకినాడ పేదపిల్లలకుఁ జెల్లించిరి. ఆచార్యఋణము తీర్చు మార్గ మిదియే. మనమందఱము ఏదో యొక గురువునకు ఋణపడినవారమే. కావున పోషకులారా! మన మొసఁగు విద్యార్థివేతనములు మన కులపు గడపయొద్దనే నిలిచిపోయినచో, కులభేదములను నిరసించిన ఆ మహనీయుని పేరు పలుకుటకు మనకు అర్హత యుండదని సవినయముగా విన్నవించుచున్నాము.