మట్టి మోసిన చరిత్ర - 9: ఆరు మీటర్ల లోపు

నిజాంసాగర్ కథ ఎవరు చెప్పినా నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుతోనే మొదలుపెడతారు. 1923లో పని మొదలైంది, 1931లో పూర్తయింది. మంజీర నీళ్లు బోధన్ దాకా పారాయి, చెరుకు వచ్చింది, 1937లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వచ్చింది. అన్నీ నిజాలే. కాలువలో తవ్విన మట్టి, కట్టకు పోసిన మొరం ఎవరి తలల మీద నడిచాయో ఆ పాఠంలో ఉండదు. ఒడ్డెరలు, మాలలు, మాదిగలు తట్ట మోసిన ఆ కథ పోయిన భాగాల్లో రాశాను. ఈసారి మొరం తీసుకుపోయాక మిగిలిన గోతి గురించి.

పోయిన ఎండాకాలం నలుగురు విద్యార్థులతో బోధన్ వైపు ఒక పాత మొరం గుట్ట దగ్గరికి పోయాం. తవ్వకం ఆగి ఏళ్లయింది. గుట్టలో సగం లేదు, ఉన్న సగం గోడలా నిలువుగా ఉంది. "ఇన్నేళ్లు పడనిది ఇప్పుడు పడుతుందా సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

పడుతుంది. వదులుగా పోసిన మొరం కుప్ప దానంతటది ఇంచుమించు 35 డిగ్రీల వాలు దగ్గర ఆగుతుంది. తవ్విన గోడ నిలువుగా నిలబడుతుందంటే రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి చెమ్మ, బంకమట్టి పట్టి ఉంచడం వల్లే. వాన నీళ్లు ఇంకితే ఆ పట్టు సడలుతుంది, పైగా మట్టి బరువెక్కుతుంది. ఘనమీటరు మట్టి దాదాపు రెండు టన్నులు. అందుకే ముందు గోడ కిందికి కాదు, పైకి పోవాలి. అంచు వెంబడి నెర్రె ఉందా? ఉంటే అక్కడ మట్టి అప్పటికే గుట్టను విడిచింది. తర్వాత దూరం నుంచి అడుగు భాగం చూడాలి: ఊట ఉందా, కొత్తగా రాలిన మట్టి ఉందా, కింద తొలిచి పైన చూరులా వదిలారా?

ఈ సంగతులు సర్కారుకు తెలియనివి కావు. 1961 నాటి గనుల నిబంధనల్లో 106వది చదవండి. మొరం, గ్రావెల్ తవ్వేచోట వాలు 45 డిగ్రీలు దాటొద్దు. లేదా మెట్లుగా తవ్వాలి, మెట్టు ఎత్తు మీటరున్నర మించొద్దు, వెడల్పు ఎత్తుకు తగ్గొద్దు. కింద తొలచడం నిషేధం. మంచి నిబంధన. కానీ దాని తల్లి, 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం, మూడో సెక్షన్‌లో ఒక తలుపు తీసి పెట్టింది. మొరం గొయ్యి లోతు ఆరు మీటర్లు దాటకపోతే, పనివాళ్లు యాభై మందిని మించకపోతే, పేలుడు మందు వాడకపోతే, కొన్ని సెక్షన్లు తప్ప ఆ చట్టం వర్తించేది కాదు. మొరం అన్న మన మాట ఆ చట్టంలోకి ఎక్కింది, మినహాయింపు కోసం!

బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తూ 1943లో ధన్‌బాద్ బొగ్గు గనుల్లోకి దిగి చూశారు. బొగ్గు గనికి ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, యూనియన్ ఉంది, లెక్క ఉంది. ఊరి పక్క గొయ్యికి ఏదీ లేదు. బొగ్గు కార్మికుడు కనీసం కార్మికుడు. మట్టి మోసే ఆమె ఎవరు?

2019 ఏప్రిల్ 10. లోక్‌సభ పోలింగ్‌కు ముందురోజు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఉపాధి హామీ పనికి పోయిన కూలీలు మట్టి దిబ్బ నీడన కూర్చున్నారు. అది విరిగిపడింది. పదిమంది చనిపోయారు, పదిమందీ ఆడవాళ్లే. అది గని కాదు కాబట్టి గనుల చట్టం అక్కడ ఊసే లేదు. వాళ్లను చంపింది మాత్రం ఇదే వాలు, ఇదే బరువు. ప్రమాదం అన్నారు, పరిహారం అన్నారు. చెట్టు లేని చోట నీడ కోసం దిబ్బ కిందికే ఎందుకు పోవాల్సి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. పనిచోట నీడ కల్పించాలని అప్పటి ఉపాధి హామీ చట్టంలోనే ఉండేది.

మా గుట్ట దగ్గర పిల్లలు పైనుంచి రాయి కట్టిన తాడు వదిలి కొలిచారు. అయిదు మీటర్ల డెబ్బై. అంచుకు రెండడుగుల లోపల నెర్రె, నా నాలుగు వేళ్లు పట్టాయి. కింద, గోడ నీడలో, మేకలను పండబెట్టి ఒక ముసలమ్మ సద్ది విప్పుకుంటోంది. "అవ్వా, ఇవతలికి రా" అని పైనుంచి అరిచాం.

"ఎండ బిడ్డా" అంది.