భంగాక్షేత్రము - గంజాయితోఁట

పాణిని యష్టాధ్యాయియందు (5-2-4) తిల, మాష, ఉమా, అణు శబ్దములతోఁ గూడ భంగాశబ్దమును బఠించి, క్షేత్రార్థమున వికల్పముగాఁ బ్రత్యయమును విధించెను. భంగ పండు పొలము భంగ్యము, భాంగీనము ననఁబడును. ఈ సూత్రము ధాన్యాధికారమున నుండుటచే భంగ పైరని తేలునే కాని, మాదకద్రవ్యమని తేలదు.

పందొమ్మిదవ శతాబ్దమున వంగదేశపు నౌగాఁవ్‌లో (నేఁ డిది బంగ్లాదేశమునఁ గలదు) గంజాయి సాగు వేఱు తెఱఁగున జరిగెను. వానకారు చివర నారు నాటి, చలికాలము గడచునపుడు కోసెడివారు. పూఁత తొడుగఁగానే నిపుణులు మగమొక్కలను బెఱికివేయుదురు. గింజకట్టని యాఁడుమొక్కల పూగుత్తులలో జిగురు హెచ్చును. 1893-94 నాఁటి విచారణసంఘ మీ పద్ధతిని వివరించెను.

ఈ యాలస్యమునకు మూలము రాత్రి నిడివి. 1912లో టూర్న్వా యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు వెలుతురు కాలమును దగ్గించి యీ మొక్కను ముందుగాఁ బూయించెను. ఉష్ణదేశపు దీర్ఘకాలిక విత్తును చలిదేశమున నాటినచో, రాత్రులు నిడుపగు వఱకుఁ బూయక, పండకమున్నే మంచువాతఁ బడును. అచ్చటి నారరకములు వేసవి చివరకే పక్వమగును. లిన్నేయసు 1753లో నామకరణము చేసిన జాతినుండి లామార్కు 1785లో హిందూదేశపు మొక్కను వేఱుపఱచుటయు గమనింపఁదగినది.

కావున భంగాక్షేత్రమన్నచోట నెల్ల గంజాయితోఁట యని యర్థము చెప్పుట సాహసము. మొక్క యొక్కటే యైనను, విత్తు నెన్నుకొన్న ప్రయోజనమును, పక్వకాలమును వేఱు.