కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే నమూనా ఎందుకు ఇవ్వాలి?

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపితే అది హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అని తేలింది. బర్డ్‌ఫ్లూకు, కొక్కెర తెగులుకు లక్షణాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి కంటితో చూసి ఏదో తేల్చలేం. పరీక్ష తప్పనిసరి.

వైరస్ ఊరు ఎలా తెలుస్తుంది?

అడంగల్‌కు చేత్తో నకలు రాసేటప్పుడు ఒక పేరు తప్పు పడిందనుకోండి. ఆ నకలు చూసి రాసిన ప్రతి కాగితంలోనూ అదే తప్పు వస్తుంది. తప్పులను పోల్చి చూస్తే ఏ కాగితం దేని నుంచి వచ్చిందో చెప్పవచ్చు. వైరస్ కూడా అంతే. పెరిగే ప్రతిసారీ తన జన్యువులకు నకలు తీసుకుంటుంది, అందులో చిన్న చిన్న తప్పులు పడతాయి. శాస్త్రవేత్తలు వాటిని పోల్చి వైరస్ వంశవృక్షం గీస్తారు.

హెచ్5ఎన్1 మూలం ఇలాగే దొరికింది. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతుజాతి పక్షిలో దీన్ని గుర్తించారు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి, ఆరుగురు చనిపోయారు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర వేలాది వలస పక్షులు చనిపోయాయి. 2006లో మన దేశంలో మొదటిసారి మహారాష్ట్రలోని నవాపూర్‌లో వచ్చిన వైరస్ ఆ చింగ్‌హాయ్ కుటుంబానిదే. 2011 నుంచి మరో శాఖ వైరస్‌లు కూడా మన దేశంలో దొరికాయి. అంటే ఒకసారి అదుపు చేశాక కూడా వ్యాధి బయటి నుంచి మళ్లీ రావచ్చు. షెడ్డు రక్షణ ఏటా అవసరమే.

మీరు చేయవలసినవి

• కోళ్లు ఒక్కసారిగా చనిపోయినా, జుట్టు, తమ్మెలు నీలం రంగుకు మారినా, గుడ్లు ఉన్నట్టుండి తగ్గినా అదే రోజు పశువైద్యాధికారికి చెప్పండి.
• చనిపోయిన కోళ్లను కాలువలో, రోడ్డు పక్కన వేయకండి. అమ్మకండి. ఒట్టి చేతులతో ముట్టుకోకండి.
• నమూనాలు వైద్య సిబ్బందే తీయాలి. గొంతు నుంచి, మలద్వారం నుంచి తీసి, ఐసులో పెట్టి పంపుతారు. ఎండలో ఉంచితే నమూనా పాడై, జన్యువులు చదవడం కష్టమవుతుంది.
• కొత్త పిల్లలు, దాణా, గుడ్ల ట్రేలు, వచ్చిపోయిన వాహనాలు, మనుషుల వివరాలు తేదీతో రాసి ఉంచండి. జన్యువులు వైరస్ ఏ కుటుంబానిదో చెబుతాయి, మీ షెడ్డులోకి ఏ దారిన వచ్చిందో తేల్చడానికి మీ పుస్తకమే ఆధారం.
• అడవి పక్షులు రాకుండా వలలు కట్టండి. చెరువు నీరు శుద్ధి చేయకుండా తాగించకండి.

చెబితే నష్టపోతామని కొందరు దాచిపెడతారు. కానీ ప్రభుత్వం తీయించిన కోళ్లకే పరిహారం వస్తుంది, ముందే చనిపోయిన వాటికి రాదు. ఆలస్యమైన కొద్దీ మీ నష్టమే పెరుగుతుంది. ఈ వ్యాధి మనుషులకూ సోకి ప్రాణం తీయగలదు కాబట్టి మీ ఇంటి పిల్లలను షెడ్డు దగ్గరకు రానివ్వకండి. మాంసం, గుడ్లు బాగా ఉడికించి తింటే భయం లేదు.